విదురాశ్వత్థం కాల్పులు (1938): శాంతియుత ఉద్యమాలపై రాజ్య నిర్బంధం

విదురాశ్వత్థం కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లా గౌరిబిదనూరు తాలూకాలో, ఉత్తర పినాకిని నది ఒడ్డున ఉన్న చిన్న పుణ్యక్షేత్రం. 1938 ఏప్రిల్ 25న ఇక్కడ జెండా సత్యాగ్రహానికి చేరిన నిరాయుధ ప్రజల మీద మైసూరు సంస్థాన పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు 10 మంది అని ప్రభుత్వం చెప్పింది. ప్రజలు చెప్పుకునే లెక్కల్లో ఆ సంఖ్య 32 నుంచి 35 దాకా ఉంది. ఈ ఘటనకు ‘దక్షిణాది జలియన్‌వాలాబాగ్’ అనే పేరు స్థిరపడింది.

ఆయుధం పట్టని ఉద్యమకారుల మీద, హక్కుల కార్యకర్తల మీద రాజ్యం తన అధికారాన్ని ప్రయోగించి వారి నోరు నొక్కడాన్ని తెలుగులో ‘నిర్బంధం’ అంటున్నాం. సభల నిషేధం, పత్రికల మూసివేత, ముందస్తు అరెస్టు, బైండోవర్ కేసు, గృహనిర్బంధం, లాఠీచార్జి, కాల్పులు, ఏళ్ల తరబడి విచారణ లేని జైలు, ఇవన్నీ దాని రూపాలు. నిర్బంధం ఎలా మొదలై ఎక్కడిదాకా పోతుందో, ఆ తర్వాత ప్రజలు దాన్ని ఎలా గుర్తుపెట్టుకుంటారో విదురాశ్వత్థంలో మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తుంది. అక్కడ తుపాకీ పేలేనాటికే ఒక నిషేధపు ఉత్తర్వు తన పని చేసింది. తుపాకీ ఆగాక మృతుల లెక్క మీద తగవు మిగిలింది.

ప్రాంతం, ప్రజలు

గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం తాలూకాలు 2007 దాకా కోలారు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది చిక్కబళ్లాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. ఇక్కడ పాలనా భాష కన్నడం, కానీ సంతలోనూ పొలంగట్టు మీదా ఎక్కువగా వినిపించేది తెలుగు. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన నారేయణ యోగి, జనం నోట కైవార తాతయ్య, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పాడు. ఈ నేల రెండు భాషల్లో ఆలోచిస్తుందనడానికి అంతకన్నా పాత సాక్ష్యం వెతకనక్కరలేదు.

నంది కొండల దగ్గర పుట్టిన ఉత్తర పినాకిని గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు పారి, అనంతపురం, కడప సీమలు దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మనం పెన్న అని పిలుచుకునేది ఈ నదినే. విదురాశ్వత్థం దాని తొలి మజిలీల్లో ఒకటి. గౌరిబిదనూరు నుంచి సుమారు ఆరు కిలోమీటర్లు. బెంగళూరు నుంచి హిందూపురం వెళ్లే రైలుమార్గం ఈ ఊరి పక్కనుంచే పోతుంది.

మహాభారతంలోని విదురుడు నాటిన అశ్వత్థం, అంటే రావిచెట్టు, ఇక్కడ ఉండేదని స్థలపురాణం. ఊరి పేరు దాన్నుంచే వచ్చింది. ఆ మహావృక్షం 2001లో కూలిపోయింది. అశ్వత్థనారాయణ స్వామి ఆలయం చుట్టూ వేల సంఖ్యలో నాగశిలలు ఉన్నాయి. సంతానం కోసం, సర్పదోష నివారణ కోసం మొక్కుకున్న కుటుంబాలు తరతరాలుగా ప్రతిష్ఠించిన రాళ్లు ఇవి. పసుపు కుంకుమలు పులుముకుని, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వరసల్లో నిలబడి ఉంటాయి. కన్నడ సీమ నుంచీ రాయలసీమ నుంచీ యాత్రికులు వచ్చే ఈ చోటు జనం కలుసుకోవడానికి అలవాటైన చోటు. ఉద్యమకారులు సభ పెట్టుకోవాలనుకున్నప్పుడు ఇలాంటి చోటే వారికి తోచడం సహజం.

నేపథ్యం: ‘ఆదర్శ సంస్థానం’

1938 నాటి మైసూరు దేశంలోని సంస్థానాలన్నిటికీ ఆదర్శమని పేరు పొందింది. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు, దివాను సర్ మీర్జా ఇస్మాయిల్. 1902లోనే శివసముద్రంలో జలవిద్యుత్తు, 1916లో విశ్వవిద్యాలయం, కావేరి మీద కృష్ణరాజసాగరం ఆనకట్ట ఈ రాజ్యపు ఘనతలు. దివాను రంగాచార్లు కాలంలో, 1881లోనే, ప్రజాప్రతినిధి సభ ఏర్పడింది. మైసూరు పాలనను గాంధీ రామరాజ్యంతో పోల్చిన మాట ప్రసిద్ధం.

అయితే ప్రతినిధి సభ సలహా ఇవ్వగలిగేదే తప్ప ప్రభుత్వాన్ని నిలదీయగలిగేది కాదు. దివాను జవాబు చెప్పుకోవలసింది మహారాజుకే. 1908 నాటి పత్రికా చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా పత్రిక నడపడానికి వీల్లేదు. ‘తాతయ్య’ అని ప్రజలు ప్రేమగా పిలుచుకున్న పాత్రికేయుడు ఎం. వెంకటకృష్ణయ్య ఆ చట్టానికి నిరసనగా తన పత్రికలను తానే ఆపేశారు. 1928లో బెంగళూరులో వినాయకుడి గుడి వివాదం అల్లర్లకు దారితీసినప్పుడు, చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం కావాలన్న సూచన ఆ సంఘం నివేదికలో ఉంది. దివానుగా సంస్థానాన్ని నడిపిన మనిషే ఆ లోటును గుర్తించారు. సంస్థానం మాత్రం ఆ సూచనను పక్కన పెట్టింది.

విదురాశ్వత్థాన్ని అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం ముఖ్యం. ప్రజలకు చెరువు, బడి, దీపం ఇచ్చిన రాజ్యమే వారు నోరు తెరిచినప్పుడు తుపాకీ ఎత్తింది. మంచి పాలన దయగా దొరికినన్నాళ్లూ దానికి హామీ ఉండదు. అడిగే హక్కు, గుమిగూడే హక్కు ప్రజల చేతిలో ఉన్నప్పుడే అది నిలుస్తుంది.

జెండా మీద నిషేధం

1937లో మైసూరులోని రాజకీయ పక్షాలు కాంగ్రెస్‌లో విలీనమై మైసూరు కాంగ్రెస్ బలపడింది. బాధ్యతాయుత ప్రభుత్వం దాని ప్రధాన కోరిక. సంస్థానాల్లోని పోరాటాలను అక్కడి ప్రజలే సొంత బలంతో నడుపుకోవాలని 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెస్ మహాసభ నిర్ణయించింది. అంటే మైసూరు రైతు, వర్తకుడు, విద్యార్థి తమ రాజుతో తామే తేల్చుకోవాలి.

అప్పటి కాంగ్రెస్ జెండాలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీలు, నడుమ రాట్నం. 1931లో ఖరారైన రూపం అది. దాని తొలి నమూనాను 1921లో బెజవాడలో గాంధీకి అందించినవాడు కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య. ఈ ఖద్దరు గుడ్డను మైసూరు ప్రభుత్వం తన సార్వభౌమత్వానికి సవాలుగా చూసింది. సంస్థానానికి సొంత జెండా ఉండగా ఇంకోటి ఎందుకన్నది దాని వాదన.

1938 ఏప్రిల్ రెండో వారంలో మండ్య జిల్లా మద్దూరు దగ్గరి శివపురలో మైసూరు కాంగ్రెస్ మహాసభ జరిగింది. జెండా ఎగరేయరాదన్న నిషేధం ఉన్నా వేలమంది చేరారు. అధ్యక్షుడు టి. సిద్ధలింగయ్య నాయకత్వంలో నిషేధాన్ని ధిక్కరించి జెండా ఎగరేశారు. నాయకులను అరెస్టు చేశారు. శివపుర ధ్వజ సత్యాగ్రహంగా చరిత్రకెక్కిన ఈ ఘటన తర్వాత సంస్థానమంతటా ఊరూరా జెండా ఎగరేయడం మొదలైంది. గౌరిబిదనూరు తాలూకాలో ఆ పనికి ముందుకొచ్చిన వారిలో ఎన్.సి. నాగయ్యరెడ్డి వంటి స్థానిక నాయకులు ఉన్నారు.

విదురాశ్వత్థం సంస్థానం అంచున ఉంది. రైలెక్కి కాస్త దూరం పోతే హిందూపురం, అది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని అనంతపురం జిల్లా. 1937 జులై నుంచి మద్రాసులో అధికారంలో ఉన్నది సి. రాజగోపాలాచారి కాంగ్రెస్ ప్రభుత్వం. సరిహద్దుకు అటువైపు ఆ జెండా పాలకపక్షపు జెండా, ఇటువైపు అదే గుడ్డ నేరం. ఒకే నది నీళ్లు తాగి, ఒకే భాష మాట్లాడి, ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్న జనానికి ఈ గీత ఎంత విడ్డూరంగా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏది నేరమో చేసే పనిని బట్టి కాక ఉత్తర్వు మీది సంతకాన్ని బట్టి తేలుతుందని వారు కళ్లారా చూశారు.

1938 ఏప్రిల్ 25

శివపుర జరిగి రెండు వారాలైంది. విదురాశ్వత్థంలో జెండా ఎగరేసి సభ జరపాలని సత్యాగ్రహులు నిశ్చయించారు. అధికారులు సభలను, ప్రసంగాలను నిషేధించారు. అయినా చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది వచ్చారు. ఎక్కువమంది రైతులు, కూలీలు. స్త్రీలూ పిల్లలూ కూడా వచ్చారు.

చెదిరిపొమ్మని పోలీసులు ఆదేశించారు. జనం కదల్లేదు. మొదట లాఠీలు లేచాయి, తర్వాత తుపాకులు పేలాయి. మొక్కు తీర్చుకోవడానికి కుటుంబాలు వచ్చే చోట శవాలు పడ్డాయి.

తుపాకీ లేని గుంపు మీద తుపాకీ వాడడం అవసరమైందా? గుంపు అదుపు తప్పిందని ప్రభుత్వం అంది. ఊరివాళ్లు మాత్రం ఊరికే నిలబడ్డ మనుషులను కాల్చారని చెప్పుకున్నారు. నిర్బంధం జరిగిన ప్రతిచోటా ఈ రెండు కథనాలూ పుడతాయి. వాటిలో ఒకటి మొదటి రోజే అచ్చయి ప్రకటనగా వెలువడుతుంది. రెండోది నోటి మాటగా ఏళ్లు తిరుగుతుంది.

మృతుల లెక్క

సర్కారు లెక్క 10. ప్రజల లెక్కల్లో 32 అనీ, 33 అనీ, 35 అనీ వేర్వేరు సంఖ్యలు వాడుకలో ఉన్నాయి. ఈ తేడాను కేవలం అతిశయోక్తిగా కొట్టిపారేయడానికి లేదు. కాల్పుల తర్వాత అరెస్టుల భయంతో గాయపడినవారు ఆసుపత్రికి పోకపోవడం, శవాన్ని ఇంటివాళ్లే రాత్రికి రాత్రి దహనం చేయడం, పేరు చెబితే కుటుంబం మీద కేసు పడుతుందని దాచడం ఇలాంటి ఘటనలన్నిటిలో ఎదురయ్యే సంగతులు. ప్రభుత్వ లెక్కలో ఉండేది నమోదైన శవాలు. ఊరి లెక్కలో ఉండేది ఇంటికి తిరిగిరాని మనుషులు.

1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోనూ ఇదే జరిగింది. జలియన్‌వాలాబాగ్‌లో 1,650 తూటాలు పేలాయనీ, 379 మంది చనిపోయారనీ ప్రభుత్వం ఒప్పుకుంది. వెయ్యిమంది దాకా చనిపోయారని కాంగ్రెస్ విచారణ తేల్చింది. రెండూ ఏప్రిల్ నెలలోనే జరిగాయి. రెండుచోట్లా నిషేధాజ్ఞ ఉంది, ఎదుటివాళ్ల చేతుల్లో ఆయుధాల్లేవు. ఒక పెద్ద తేడా కూడా ఉంది. అమృత్‌సర్‌లో కాల్చమన్నవాడు తెల్లదొర. విదురాశ్వత్థంలో కాల్చింది మన రాజు పోలీసులు. అందుకే స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా విదురాశ్వత్థం పాఠం పాతబడలేదు.

స్పందన, ఒప్పందం

కాల్పుల వార్త దేశమంతా పాకింది. సంస్థానం నిరంకుశ పాలన వదులుకుని ప్రజలకు బాధ్యతాయుత ప్రభుత్వం ఇవ్వాలని గాంధీ కోరారు. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్, ఆచార్య కృపలానీ 1938 మేలో బెంగళూరు వచ్చి దివానుతో చర్చలు జరిపారు. దాని ఫలితమే పటేల్–మీర్జా ఒప్పందం. దాని ప్రకారం ప్రభుత్వం మైసూరు కాంగ్రెస్‌ను గుర్తించింది, రాజకీయ ఖైదీల విడుదలకు ఒప్పుకుంది. సభల్లో సంస్థాన జెండాతో పాటు కాంగ్రెస్ జెండానూ ఎగరేయవచ్చునంది. బాధ్యతాయుత ప్రభుత్వం సంగతిని రాజ్యాంగ సంస్కరణల సంఘం పరిశీలించడానికి అంగీకరించింది.

ఏప్రిల్‌లో ప్రాణం తీయడానికి కారణమైన జెండా మేలో చట్టబద్ధమైంది. నెల తిరగక ముందే ఇవ్వగలిగిన అనుమతిని ముందే ఇచ్చి ఉంటే విదురాశ్వత్థంలో ఎవరూ చనిపోయేవారు కాదు. నిర్బంధాన్ని ‘తప్పనిసరి’ అని సమర్థించే ప్రతి వాదనకూ ఈ రెండు నెలల కాలక్రమమే జవాబు.

ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని కూడా నియమించింది. దాని అధ్యక్షుడు మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, తెలుగువాడైన సర్ వేపా రామేశం. రాజ్యం తన చర్యను తానే నియమించిన సంఘం ముందు పెట్టే ఈ పద్ధతి తర్వాతి కాలంలోనూ కొనసాగింది. ఆరోపణ ఎదుర్కొనే పక్షమే విచారించేవారిని ఎంచుకోవడం దాని బలహీనత. ప్రజలు సొంతంగా నిజనిర్ధారణ కమిటీలు వేసుకునే సంప్రదాయం ఈ బలహీనత వల్లనే పెరిగింది.

శివపుర నుంచి రాజ్యాంగ సభ దాకా

పోరాటం 1938తో ముగియలేదు. 1939లో చిత్రదుర్గ దగ్గరి తురువనూరులో అటవీ సత్యాగ్రహం జరిగింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో శివమొగ్గ జిల్లా ఈసూరు తనకు తాను స్వతంత్రం ప్రకటించుకుంది. అక్కడి ఘర్షణలో అధికారులు చనిపోగా ఐదుగురిని ఉరితీశారు. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య క్విట్ ఇండియాలో చదువు వదిలి జైలుకు వెళ్లారు. తర్వాతి కాలంలో బెంగళూరు విశ్వవిద్యాలయం ఉపకులపతి అయ్యారు. గౌరిబిదనూరు, బాగేపల్లిలాంటి చిన్న ఊళ్లలో నేషనల్ కళాశాలలు వెలిసేందుకు పాటుపడ్డారు. ప్రశ్నించకుండా దేన్నీ ఒప్పుకోవద్దని జీవితాంతం విద్యార్థులకు చెప్పిన గాంధేయవాది ఆయన.

1947 ఆగస్టు 15 తర్వాత కూడా మైసూరులో ప్రజాప్రభుత్వం రాలేదు. సెప్టెంబరులో ‘మైసూరు చలో’ ఉద్యమం మొదలైంది. మళ్లీ అరెస్టులు, మళ్లీ కాల్పులు. చివరికి అక్టోబరు 25న కోలారు జిల్లాకు చెందిన కె. చెంగల్రాయరెడ్డి తొలి ముఖ్యమంత్రిగా ప్రజామంత్రివర్గం ఏర్పడింది. చెంగల్రాయరెడ్డి, శివపురలో జెండా ఎగరేసిన సిద్ధలింగయ్య, ఇద్దరూ మైసూరు ప్రతినిధులుగా భారత రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఆ సభ ఆమోదించిన 19వ అధికరణం పౌరులకు శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా గుమిగూడే హక్కు ఇచ్చింది. విదురాశ్వత్థంలో జనం చేసింది సరిగ్గా అదే.

1938లో ఇతర సంస్థానాలు

1938 సంస్థాన ప్రజల ఉద్యమాలకు కీలకమైన ఏడు. హైదరాబాదులో సభలను కట్టడి చేసే ‘గస్తీ నిషాన్ 53’ అనే ఉత్తర్వు అప్పటికే అమల్లో ఉంది. అనుమతి లేకుండా నలుగురు కూడి మాట్లాడుకునే వీల్లేని పరిస్థితి అది. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను బహిష్కరిస్తే, వారిలో చాలామంది నాగపూర్ వెళ్లి చదువుకున్నారు. పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. తిరువాంకూరులో నెయ్యాట్టింకర కాల్పులు ఆ ఏడాది ఆగస్టులో జరిగాయి. ఒడిశాలోని ఢెంకనాల్‌లో పోలీసులను పడవ ఎక్కించనన్న బాజీ రౌత్ అనే బాలుడిని అక్టోబరులో కాల్చి చంపారు. రాజులు వేరు, భాషలు వేరు, వాడిన సాధనాలు మాత్రం ఒకటే.

స్వతంత్ర భారతంలో ఆ సాధనాలు

వలస కాలపు చట్టాలు చాలావరకు స్వతంత్ర రాజ్యానికి సంక్రమించాయి. నలుగురికి మించి గుమిగూడరాదనే ఉత్తర్వును తెలుగువాళ్లు ‘144 సెక్షన్’ అనే పేరుతోనే గుర్తుపడతారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ స్మృతిలో అది 163వ సెక్షన్. సంఖ్య మారింది, అధికారం అలాగే ఉంది. మేజిస్ట్రేటు సంతకం పెట్టిన ఒక్క కాగితంతో ఒక నగరమంతటా సభలు ఆగిపోతాయి. ధిక్కరించి వచ్చినవారి మీద కేసు పెడతారు, బయల్దేరబోయినవారిని తెల్లవారుజామున ఇంట్లోనే ఆపేస్తారు.

న్యాయస్థానాలు ఈ అధికారానికి హద్దులు గీశాయి. న్యాయమైన అభిప్రాయ ప్రకటనను అణచడానికి 144ను వాడరాదని 2020 జనవరిలో అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పౌరసత్వ చట్ట సవరణ మీద నిరసనల వేళ 2019 డిసెంబరులో బెంగళూరు నగరమంతటా విధించిన 144 ఉత్తర్వులు చట్టవిరుద్ధమని కర్ణాటక హైకోర్టు 2020 ఫిబ్రవరిలో తేల్చింది. ఆ ఉత్తర్వుల కింద అదుపులోకి తీసుకున్నవారిలో చరిత్రకారుడు రామచంద్ర గుహ కూడా ఉన్నారు. తీర్పు మంచిదే, అయితే అది వచ్చేనాటికి సభ జరగాల్సిన రోజు దాటిపోయింది. నిర్బంధానికి కావలసిందీ అదే, ఆ ఒక్క రోజు ఆపగలగడం.

రాజద్రోహ చట్టం అమలును 2022 మేలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, అంటే ఉపా, మాత్రం పదునుగానే ఉంది. ఈ చట్టం కింద బెయిలు దొరకడం చాలా కష్టం కాబట్టి విచారణే శిక్షగా మారుతుంది. అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా శరీరంలో తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో నాగపూర్ జైల్లో ఏళ్లు గడిపారు. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆయన్ను నిర్దోషిగా ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాదులో కన్నుమూశారు. భీమా కోరేగావ్ కేసులో 2018లో అరెస్టయిన కవి వరవరరావుకు 2022 ఆగస్టులో ఆరోగ్య కారణాల మీద సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు దాటాయి. ఆదివాసుల కోసం పనిచేసిన, అంతకుముందు బెంగళూరులో చాలాకాలం ఉన్న ఫాదర్ స్టాన్ స్వామి బెయిలు రాకుండానే 2021 జులైలో చనిపోయారు.

తెలుగునాట హక్కుల ఉద్యమం

నిర్బంధాన్ని నమోదు చేయడాన్నే ఒక ఉద్యమంగా మలచిన ఘనత తెలుగువారిది. 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఎదురుకాల్పులు జరిగాయన్న ఊళ్లకు వెళ్లి, శవాన్ని చూసినవారితో, ఇంటివారితో మాట్లాడి నివేదికలు రాసింది. సర్కారు ప్రకటన పక్కన ఊరి మాటను అచ్చులో నిలబెట్టింది. విదురాశ్వత్థంలో నోటి మాటగా మిగిలిన రెండో కథనానికి ఇక్కడ కాగితం దొరికింది.

న్యాయవాది కె.జి. కన్నబిరాన్ (1929–2010) ఎమర్జెన్సీ నాటి ఎదురుకాల్పులను విచారించిన తార్కుండే కమిటీతో పనిచేసి, తర్వాత దశాబ్దాల పాటు కోర్టుల్లో వాదించారు. గణితం బోధిస్తూ హక్కుల ఉద్యమంలోకి వచ్చిన కె. బాలగోపాల్ (1952–2009) మారుమూల పల్లెలకు బస్సుల్లో, కాలినడకన తిరిగి నిజనిర్ధారణ చేశారు. 1998లో మానవహక్కుల వేదిక స్థాపకుల్లో ఒకరయ్యారు. రాజ్య హింసను ఎంత నిక్కచ్చిగా ప్రశ్నించారో, ఉద్యమాల హింసనూ అంతే నిక్కచ్చిగా ప్రశ్నించారు.

ఈ పనికి వారు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. వరంగల్‌లో పిల్లల వైద్యుడు, పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథంను 1985 సెప్టెంబరు 3న, ఒక ఎస్సై అంతిమయాత్ర సాగుతుండగా, ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డి 1991లో, పురుషోత్తం 2000లో, ఆజం అలీ 2001లో హత్యకు గురయ్యారు. పిల్లలకు మందులిచ్చే గదిలో డాక్టరును చంపడం, దేవుడి ఊళ్లో రైతును కాల్చడం ఒకే తీరు చర్యలు. ఇంకెవరూ ముందుకు రాకుండా చేయాలన్నదే రెండింటి ఉద్దేశం. అయినా సంఘం ఆగలేదు. ఎదురుకాల్పుల్లో ఎవరైనా చనిపోతే ఎఫ్ఐఆర్ నమోదు చేసి విచారించాల్సిందేనని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఆ కేసు వేసింది పౌరహక్కుల సంఘమే.

ప్రపంచ స్థాయిలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1998 డిసెంబరు 9న మానవహక్కుల పరిరక్షకుల ప్రకటనను ఆమోదించింది. హక్కుల కోసం ఒంటరిగా గానీ, కలిసిగట్టుగా గానీ శాంతియుతంగా పనిచేయడం అందరి హక్కు అనీ, అలాంటివారిని కాపాడడం రాజ్యం బాధ్యత అనీ దాని సారాంశం. దానికి చట్టంలాగా కట్టిపడేసే బలం లేదు. నిలదీయడానికి మాత్రం ఒక ప్రమాణం దొరికింది.

ఈ నేల మీద నేటి ఉద్యమాలు

చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాల్లో జీవనది లేదు. చెరువులు ఎండి, బోర్లు వందల అడుగుల లోతుకు పోయి, నీటిలో ఫ్లోరైడ్ పెరిగింది. శాశ్వత నీటిపారుదల కోసం ఇక్కడి రైతులు ఏళ్ల తరబడి నిరసనలు చేస్తున్నారు. 2016 మార్చిలో ట్రాక్టర్లతో బెంగళూరుకు కదిలినప్పుడు పోలీసులు అడ్డుకున్నారు.

పక్కనే ఉన్న దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్టణ హోబళిలో పరిశ్రమల కోసం 1,777 ఎకరాల సేకరణను వ్యతిరేకిస్తూ రైతులు మూడేళ్లకు పైగా శాంతియుతంగా దీక్షలో కూర్చున్నారు. 2025 జూన్‌లో పోలీసులు వారిని అదుపులోకి తీసుకున్నారు. జులై 15న ప్రభుత్వం సేకరణను విరమించుకుంది. 1938 ఏప్రిల్, మే నెలల క్రమమే ఇక్కడా కనిపిస్తుంది. ఒక నెల అరెస్టు, మరుసటి నెల అంగీకారం. మధ్యలో ప్రాణాలు పోకపోవడం ఈ దేశం నేర్చుకున్నదానికి గుర్తు. అరెస్టు జరగడం ఇంకా నేర్చుకోవలసినదానికి గుర్తు.

స్మృతి

విదురాశ్వత్థంలో అమరుల స్మారకం 1973లో వెలిసింది. తర్వాత వీరసౌధం, అందులో స్వాతంత్ర్యోద్యమ చిత్రాల ప్రదర్శనశాల ఏర్పడ్డాయి. ఆలయం నుంచి నాలుగడుగులు వేస్తే స్మారకం చేరవచ్చు. గుడికి వచ్చినవారిలో కొందరు అటుకూడా వెళ్లి, చిత్రాలు చూసి, పిల్లలకు చూపించి వస్తారు. జలియన్‌వాలాబాగ్ గురించి బడిలో చదివిన పిల్లలకు తమ తాలూకాలోనే అలాంటిది జరిగిందని అక్కడ తెలుస్తుంది.

సరిహద్దుకు ఇవతల, ఆంధ్రలో, విదురాశ్వత్థం పేరు నాగప్రతిష్ఠకు తెలిసినంతగా సత్యాగ్రహానికి తెలియదు. చనిపోయినవారిలో మన భాష మాట్లాడినవారున్నారు, విచారించిన న్యాయమూర్తి మనవాడు, పట్టుకున్న జెండా నమూనా మనవాడు అందించినది. అయినా రాష్ట్రాల గీత ఈ ఘటనను మన చరిత్ర పుస్తకాలకు అవతలే ఉంచింది.

నాగశిల ప్రతిష్ఠించినవారు ఏ మొక్కుతో వచ్చారో ఆ ఇంటివారికి తరాల పాటు గుర్తుంటుంది. కాల్పుల్లో పోయినవారిని గుర్తుంచుకోవలసిన బాధ్యత ఒక్క ఇంటిది కాదు. 10కీ 35కీ నడుమ మిగిలిన మనుషులకు కూడా పేర్లున్నాయి, ఊళ్లున్నాయి. వారి ఇళ్లకు వెళ్లి ఆ పేర్లను అడిగి రాసుకోవడం స్మారకం కట్టడమంత అవసరమైన పని.